బిళ్ళల మాస్టారి ముందు పళ్ళు

క్లారినెట్టుని ఊపిరితో వాయిస్తారని జనం అనుకుంటారు. ఊపిరికేముంది, బెలూన్లు ఊదేవాడికీ ఉంటుంది. ఆ వాద్యానికి అసలు ఆధారం పై వరసలో ముందున్న రెండు పళ్ళు. కింది పెదవిని కింది పళ్ళ మీదికి మడిచి, దానికి రీడు అనే సన్నని రెల్లుబద్దని ఆనించి, పైనుంచి ఆ రెండు పళ్ళనీ మౌత్‌పీసు మీద మోపి ఊదాలి. అప్పుడు స్వరం గొట్టంలోంచి బయటికి పోతూనే పళ్ళగుండా పుర్రెలోకీ పాకుతుంది. హాల్లో కూర్చున్నవాళ్ళు వినేది ఒక స్వరం, వాయించేవాడు తన తలలో వినేది మరొకటి. ఆ రెండోది వాడికొక్కడికే సొంతం. ఈ కథలో మనిషి దాని కోసమే బతికాడు, నేను కాస్త పెంచి చెప్తున్నానని మీరు అనుకున్నా సరే.

నాటకాల హాల్లో స్టేజీ ముందు వాద్యాలవాళ్ళు కూర్చునే గొయ్యి ఒకటి ఉండేది. సగం జీవితం అతను అందులోనే గడిపాడు. అందరూ అతన్ని బిళ్ళల మాస్టారు అనేవాళ్ళు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక రేకు డబ్బా, దాన్నిండా పిప్పరమెంటు బిళ్ళలు. తీపి మీద మోజుతో తినేవాడని అనుకోకండి. లైట్ల వేడికి గొయ్యిలో నోరు ఎండిపోతుంది. నోరు ఎండితే రీడు ఎండుతుంది, రీడు ఎండితే వాద్యం కీచుమంటుంది. పోనీ నీళ్ళు తాగుదామా అంటే, తాగిన నీళ్ళు ఊరుకోవు కదా, నాటకం మధ్యలో గొయ్యిలోంచి లేచి వెళ్ళడానికి వీల్లేదు. అందుకని అతని గురువుగారు ఒక కిటుకు చెప్పారు. బిళ్ళని పై పెదవి లోపల, చిగురుకీ పెదవికీ మధ్య దాచుకోవాలి. చప్పరించకూడదు, కొరకకూడదు. అదే నెమ్మదిగా కరుగుతూ నోటిని తడిగా ఉంచుతుంది. రీడు చివరి పాటదాకా పలుకుతుంది.

ఈ కిటుకుని గురువుగారు అందరికీ చెప్పలేదు. తలుపు వేసి, ఆస్తి రాసిచ్చినంత గుట్టుగా ఇతనికి చెప్పారు. ఇతనూ అంతే గుట్టుగా తన ఒక్కగానొక్క కూతురికి చెప్పాడు. ఆ పిల్లకి పాలపళ్ళు ఊడి కొత్త ముందు పళ్ళు వచ్చిన ఏడాదే చేతిలో చిన్న క్లారినెట్టు పెట్టాడు, దాంతోపాటు ఒక చిన్న రేకు డబ్బా కూడా ఇచ్చాడు. పిల్ల రెండింటినీ తలగడ పక్కన పెట్టుకుని పడుకునేది.

మాస్టారి పన్ను మీద మొదట వచ్చింది తెల్లమచ్చ. కుడివైపు ముందు పన్ను మీద, చిగురుని ఆనుకుని, సుద్దముక్కతో గీసినట్టు సన్నని గీత. అద్దంలో చూసి, పళ్ళపొడి అంటుకుందేమోనని వేలితో రుద్దాడు. పోలేదు. నొప్పీ లేదు, జివ్వుమనడమూ లేదు. నొప్పి పెట్టనిదాన్ని పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది? కొన్నాళ్ళకి ఆ సుద్దగీత తేనెరంగుకి తిరిగింది, ఆపైన ముదిరిన టీ రంగుకి. నాలుకతో తడిమితే నున్నగా తగలాల్సిన చోట గరుకు తగిలింది. గరుకు గుంటయ్యింది. బిళ్ళ కరిగి ఆ తీపి గుంటలోకి దిగినప్పుడల్లా కంటి కింది దాకా ఒక జివ్వు లేచేది.

అతని భార్య అదే నాటకాల హాల్లో వెనకవైపు గదిలో వేషాలవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసేది. పొద్దస్తమానం నిప్పు దగ్గర నిలబడే మనిషి కాబట్టి మాట కూడా కాస్త వేడిగానే వచ్చేది.

"పళ్ళ డాక్టరుకి చూపించండి అంటే మీకు వినబడదా? పుచ్చిన పన్ను పక్కపన్నుని కూడా తినేస్తుంది."

"డాక్టరు చేసే మొదటి పనే గీకడం. ఈ పన్ను వెంట్రుకవాసి అరిగినా నా స్వరం మారిపోతుంది. నీకర్థం కాదులే."

"అవును, నాకేం అర్థమవుతుంది? చొక్కా కాలితే ఇంకో చొక్కా కుట్టించుకోవచ్చు. పన్ను కుట్టించుకుంటారేమో చూస్తా."

ఆమె అన్నది నిజం. ఇతను అన్నదాంట్లో కూడా కొంత నిజం ఉంది, అదే వచ్చిన చిక్కు. వాద్యం పట్టుకునేవాళ్ళకి ఈ భయం ఉంటుంది. మౌత్‌పీసు మీద అతని రెండు పళ్ళూ ఏళ్ళ తరబడి ఆని ఆని రెండు చిన్న గుంటలు పడ్డాయి. కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నా పళ్ళు సరిగ్గా వెళ్ళి ఆ గుంటల్లోనే కూర్చునేవి. ఆ అమరిక చెడిపోతుందేమోనని డాక్టరు గుమ్మం తొక్కలేదు. లోపల్నుంచి పన్ను గుల్లైపోతుంటే ఆ అమరిక ఎన్నాళ్ళు నిలుస్తుందని మాత్రం ఆలోచించలేదు. తెలివైనవాళ్ళు తెలివితక్కువ పని చేస్తే ఇలాగే, దానికి ఒక శాస్త్రం కూడా తయారుచేసి పెట్టుకుంటారు.

కొత్త నాటకం రిహార్సల్సు మొదలయ్యేసరికి నొప్పి ముదిరింది. అందులో రెండో అంకం మొదట్లో మాటల్లేవు. కథానాయిక ఖాళీ ఇంట్లోకి వచ్చి నిలబడుతుంది, వెలుగు కొంచెం కొంచెంగా పెరుగుతుంది, అంతసేపూ క్లారినెట్టు ఒక్కటే పలకాలి. వాద్యాలవాళ్ళందరినీ నడిపించే పెద్దాయన ఆ పాటని ఇతని కోసమే కట్టాడు. రీడు అదిరినప్పుడల్లా ఆ అదురు పంటిలోకి, పంటిలోంచి కణతలోకి వెళ్ళి పొడిచేది. మాస్టారు కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా వాయించేవాడు. వినేవాళ్ళు ఆహా, ఎంత లీనమైపోయాడో అనుకునేవాళ్ళు. ఇంటికెళ్ళి పడుకుంటే తలదిండు మీద దవడ ఆనేది కాదు. లవంగం పెట్టాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, బాధని ఎవరికీ చెప్పకుండా పంటి బిగువున భరించాడు.

అలా భరిస్తూ ఉండగా, ఒక మధ్యాహ్నం, పాట సగంలో అతనికి ఉన్నట్టుండి తట్టింది. నొప్పి లేదు. వాద్యం దించి చల్లనీళ్ళు పుక్కిలించాడు. లేదు. గోటితో పన్ను మీద కొట్టి చూసుకున్నాడు. ఊహూఁ, ఏమీ లేదు. పక్కనే డ్రమ్ముల ముందు కూర్చున్న బావమరిదిని భుజం పట్టి ఊపేశాడు.

"పోయిందిరా! మొత్తం పోయింది!"

"ఏంటి బావా, పన్నా?"

"నొప్పిరా!"

"అమ్మయ్య. ఇక నీ మొహం చూసి జనం టికెట్లు వెనక్కిచ్చే ప్రమాదం తప్పింది."

ఆ రోజు అతను ఇంటికి పిల్లాడిలా నడిచి వెళ్ళాడు. భార్య మాత్రం, "పోతే పోయింది, ఎందుకు పోయిందో కనుక్కోండి" అంది. ఆ మాట అతని చెవికెక్కలేదు. కూతురు కిటికీ దగ్గర కూర్చుని సాధన చేస్తోంది. పెద్ద చదువుకి వచ్చిన పిల్ల, చేతులు తండ్రివి, మొండితనం తల్లిది. ఆమె ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చూశావామ్మా! నొప్పికి మనం లొంగితే నెత్తికెక్కి కూర్చుంటుంది. పట్టించుకోకుండా వాయించుకుంటూ పోవాలి. దానికే విసుగొచ్చి పోతుంది."

పిల్ల తలూపి నవ్వింది. ఆమె నవ్వేదే తక్కువ, నవ్వినా పెదవులు విడేవి కావు. వాళ్ళ మేనమామ, "మా కోడలు నవ్వుకి తాళం వేసి తాళంచెవి పారేసింది" అని ఏడిపించేవాడు. తండ్రికి మాత్రం ఆ బిగింపు ముద్దుగా ఉండేది. వాద్యానికి పనికొచ్చే పెదవులు అలాగే ఉండాలి అనుకునేవాడు.

తరవాత పన్ను రంగు తగ్గుతూ బూడిదరంగుకి వచ్చింది. పైన చిగురు మీద చిన్న పొక్కు లేచింది, చితికేది, మళ్ళీ లేచేది. నోట్లో ఏదో పాడు రుచి ఊరుతుండేది. ఆ రుచి పోవడానికి అతను ఏం చేశాడో చెప్పమంటారా? ఇంకో బిళ్ళ వేసుకున్నాడు. నొప్పి లేదు కదా, నొప్పి లేనప్పుడు ఏం భయం?

నాటకం బాగా ఆడుతోంది. ఒక మ్యాట్నీకి హాలు కిటకిటలాడింది. రెండో అంకం తెర లేచింది, కథానాయిక ఖాళీ ఇంట్లోకి వచ్చి నిలబడింది. మాస్టారు కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. కింది స్వరంలోంచి పైకి ఎక్కే చోట పన్ను కాస్త గట్టిగా మోపాలి. మోపాడు. తలలో టక్కుమంది. బయట ఎవరికీ వినబడలేదు, అతనికి మాత్రం నెత్తిన తలుపు విరిగిపడినంత చప్పుడైంది. నాలుక మీద ఏదో గట్టిగా తగిలింది. ఆపకుండా ఊదాడు. పెదవి సందులోంచి గాలి బుస్సుమంది, ఆ వెంటనే క్లారినెట్టు తోక తొక్కిన పిల్లిలా కీచుమంది. హాల్లో ఎవరో నవ్వారు. ఒకరు నవ్వగానే ఇంకో నలుగురు నవ్వారు. స్టేజీ మీద ఆ అమ్మాయి ఎటు చూడాలో తెలియక నిలబడిపోయింది. బావమరిది మెల్లగా డ్రమ్ము అందుకుని ఎలాగో ఆ నిశ్శబ్దాన్ని పూడ్చాడు.

మాస్టారు అరచేతిలోకి ఉమ్మి చూసుకున్నాడు. సగం పన్ను. పైవైపు ఇంకా మెరుస్తోంది. లోపలివైపు తడిసిన రంపప్పొట్టులా గోధుమరంగుగా, మెత్తగా ఉంది. నొక్కితే గోరు దిగింది.

ఇక డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఆమె చిన్నవయసు మనిషి, ఓపిగ్గా మాట్లాడే రకం. అద్దం పెట్టి నోరంతా చూసింది. పై వరసలో విరిగిన పన్నుతో పాటు పక్కనున్న మూడూ చిగురు దగ్గర కోసుకుపోయి ఉన్నాయి.

"మాస్టారూ, ఇక్కడే, పెదవి కింద, మీరు ఏం పెట్టుకుంటారు?"

అతను చెప్పాడు. ఆమె చేతిలో అద్దం కిందపెట్టింది.

"అందరి నోట్లోనూ కంటికి కనబడని క్రిములుంటాయి. మనం తీపి తిన్నప్పుడల్లా అవీ తింటాయి, తిని పులుపు కక్కుతాయి. ఆ పులుపు పన్ను పైపెంకులోని సున్నాన్ని కరిగిస్తుంది. మనం తినడం ఆపితే ఉమ్మి వచ్చి ఆ పులుపుని కడిగి, కరిగినదాన్ని కొంచెం కొంచెం పూడుస్తుంది. మీరు దానికి సందే ఇవ్వలేదు. గంటల తరబడి, ఒకే చోట, ఏళ్ళపాటు తీపి. మొదట తెల్లగా సుద్దగీతలా కనబడి ఉండాలి."

"కనబడింది."

"అప్పుడొచ్చి ఉంటే వెనక్కి తిప్పగలిగేవాళ్ళం. పెంకు దాటిందంటే లోపలంతా మెత్తన, ఇక దానికి అడ్డు లేదు. పైకి సూదిబెజ్జం కనిపిస్తుంది, లోపల గుహ ఉంటుంది."

"కానీ నొప్పి తగ్గిపోయిందండీ. పూర్తిగా తగ్గిపోయింది."

"తగ్గలేదు మాస్టారూ. లోపల నరం చచ్చిపోయింది. నొప్పి అని చెప్పే మనిషే పోయాక ఇంకెవరు చెప్తారు? అప్పట్నుంచి మీ నోట్లో ఉన్నది పన్ను శవం."

నాలుగూ తీసేయాలంది. కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు చూస్తున్న అతనికి గురువుగారు గుర్తొచ్చారు. చేతుల్లో ఇంకా సత్తువ ఉండగానే ఆయన ఒకరోజు "ఇక చాలు" అని వాద్యం పక్కన పెట్టేశారు. వైరాగ్యం అన్నారు అందరూ. ఆ తరవాత ఎప్పుడు కలిసినా ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడేవారు. ఆ రుమాలు వెనక ఏముందో ఇతను ఒక్కసారైనా అడగలేదు.

గురువుగారు గుర్తొచ్చారు, సరే. ఇంట్లో కిటికీ దగ్గర సాధన చేసుకునే పిల్ల ఎందుకు గుర్తురాలేదు? నాకు ఒళ్ళు మండేది అక్కడే. అంత వివరంగా డాక్టరు చెప్తుంటే, అతని బుర్రలో తిరిగింది ఒక్క ప్రశ్న. మళ్ళీ వాయించగలనా? బాధలో ఉన్న మనిషికి తన నోరు తప్ప లోకంలో ఇంకో నోరు కనబడదు.

కట్టుడు పళ్ళు వచ్చాయి. చూడ్డానికి అసలువాటికన్నా అందంగా ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపేసుకుని క్లారినెట్టు అందుకున్నాడు. ఊదగానే పళ్ళపలక చిగురు మీంచి లేచిపోయింది. బొటనవేలితో నొక్కిపెట్టి, మళ్ళీ పెట్టుకుని, మెల్లగా ఊదాడు. స్వరం పలికింది. ఎక్కడో పలికింది. పక్కింట్లో ఎవరో వాయిస్తుంటే గోడ ఇవతల విన్నట్టుంది. తలలో ఏమీ లేదు. అసలు పళ్ళగుండా ఇన్నేళ్ళూ పుర్రెలోకి పాకిన స్వరం ఇక రాదు. మాస్టారు వాద్యం ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కట్టుడు పళ్ళు ఊడి చేతిలో పడితే వాటిని అలాగే పట్టుకుని ఏడ్చాడు.

వాద్యాలవాళ్ళ పెద్దాయన స్వయంగా ఇంటికొచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చుని, నేల చూస్తూ అన్నాడు.

"గొయ్యిలో నీ కుర్చీ ఖాళీగా పెట్టలేనయ్యా. నాటకం నడవాలి. బయటనుంచి ఎవర్నో తెచ్చేకంటే, నీ కూతురుందిగా? నీ స్వరమే కదా ఆ పిల్లది. రేపొకసారి పంపించు, వింటాను."

పెద్దాయన వెళ్ళాక మాస్టారి మొహంలో చాలా రోజులకి కాస్త వెలుగు వచ్చింది. భార్య కూడా ఇస్త్రీ గది వేడి మర్చిపోయి, "పోన్లెండి, ఇంట్లోంచి బయటికి పోలేదు" అంది. తన స్వరం చావలేదు, పిల్ల నోట్లో ఉంది. తను గొయ్యిలో కూర్చోకపోయినా హాల్లో చివరి వరసలో కూర్చుని వింటాడు. ఇంతకాలం తలలో విన్నదాన్ని ఇక బయటినుంచి వింటాడు. ఆ మాత్రం చాలు అనుకున్నాడు. నిజంగానే చాలు అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కూతుర్ని పిలిచి తన క్లారినెట్టు చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ళూ తాకనివ్వని వాద్యం. పిల్ల దాన్ని రెండు చేతులా తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది, పెదవి మడిచింది, పళ్ళు మోపింది. అవి తిన్నగా వెళ్ళి తండ్రి పళ్ళు చేసిన రెండు గుంటల్లో కూర్చున్నాయి. రెండో అంకం పాట అందుకుంది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. అబద్ధమెందుకు, అంత బాగా అతనే వాయించలేదు. కింది స్వరంలోంచి పైకి ఎక్కే చోట అతను కుర్చీ అంచు పట్టుకున్నాడు. పిల్ల గాలికి ఎగిరినంత తేలిగ్గా ఎక్కేసింది.

పాట సగంలో ఆగి, "నోరెండిపోతోంది నాన్నా" అని, పక్కనున్న చిన్న రేకు డబ్బా మూత తీసింది. ఒక బిళ్ళ తీసుకుని, చూపుడువేలితో పై పెదవి ఎత్తి, లోపల దాచుకుంది. అచ్చం అతను నేర్పినట్టే.

కిటికీలోంచి పొద్దుటి వెలుగు సూటిగా ఆమె మొహం మీద పడుతోంది. మాస్టారు కుర్చీలోంచి ఎలా లేచాడో అతనికే తెలియదు.

"తీసెయ్. ఆ బిళ్ళ తీసెయ్. నోరు తెరువమ్మా."

"ఏమైంది నాన్నా?"

"తెరువు."

బొటనవేలితో ఆమె పై పెదవి ఎత్తాడు. చిగురు పొడుగునా నాలుగు పళ్ళకీ టీ రంగు గీత. తెల్లమచ్చ ఎక్కడైనా, ఒక్కచోటైనా మిగిలి ఉందేమోనని వెతికాడు. లేదు. ఎడమవైపు ముందు పన్ను బూడిదరంగులో ఉంది. చిగురు దగ్గర చిన్న బెజ్జం. అక్కడ గోరు ఆనించాడు. మెత్తగా దిగింది.

"ఇక్కడ... ఇక్కడ నొప్పి లేదామ్మా?"

తండ్రి మొహం చూసి పిల్లకి జాలేసింది. అతనికి ధైర్యం చెప్పాలనిపించింది.

"ఉండేది నాన్నా. పరీక్షలప్పుడైతే చాలా ఉండేది. నీకు చెప్తే కంగారు పడతావని పెదవి తెరవలేదు. నువ్వు చెప్పావుగా, పట్టించుకోకుండా వాయించుకుంటూ పొమ్మని? అలాగే చేశాను. పోయిన నెల అదే పోయింది."

ఇక దాచడానికేం లేదు కాబట్టి, పెదవులు పూర్తిగా విడదీసి తండ్రిని చూసి నవ్వింది.